ఆట చివర కాటా

2006 వానాకాలం. వట్లూరులో ఇంజనీరింగ్ కాలేజీలకు వెళ్లే దారిలో నాకు ఆరు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉండేది. ఒకరోజు సాయంత్రం ఏడు దాటింది. నాలుగో నంబరు సిస్టమ్ ముందు భీమడోలు కుర్రాడు కూర్చున్నాడు. వాడి కుర్చీ వెనక మరో ఏడుగురు నిలబడ్డారు. తెర మీద ‘నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్’. రేజర్ అనేవాడితో ఆఖరి పందెం. గంటకు 15 రూపాయల లెక్కన, టిఫిను డబ్బుల్లోంచి మిగుల్చుకుని, మూడు నెలలుగా ఆడుతున్నాడు ఆ కుర్రాడు. గెలిచాడు. వెనకున్న ఏడుగురూ ఒక్కసారిగా కేక పెట్టారు. ఆ గెలుపును సేవ్ చేసుకుంటున్నట్టు తెర మీద గుర్తు తిరుగుతోంది. అప్పుడే కరెంటు పోయింది.

యూపీఎస్ బ్యాటరీ పని అయిపోయిందని నాకు నెల్లాళ్లుగా తెలుసు. వచ్చే నెల మారుద్దాంలే అనుకుంటూ వచ్చాను. అరగంటకు కరెంటు వచ్చి సిస్టమ్ ఆన్ చేస్తే వాడి ప్రొఫైల్ తెరుచుకోలేదు. రాసుకుంటుండగా మధ్యలో తెగిపోయిన ఫైలు ఇక పనికిరాదు. మూడు నెలల ఆట పోయింది. తప్పు నాది. ఇన్నేళ్లయినా ఆ సాయంత్రం గుర్తొస్తే నాకు మనసు బాగోదు.

వెనక నిలబడ్డవాళ్లలో మెకానికల్ మూడో ఏడాది కుర్రాడొకడున్నాడు. జాలిపడి, “నాదీ రేజర్ దాకా వచ్చేసిందిరా. నా దాంట్లో కూర్చుని ఆ వంతెన నువ్వే దూకెయ్. చివర్లో వచ్చేది ఒకటే కదా” అన్నాడు.

భీమడోలు కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. “వద్దన్నా. అది నీ బండి” అన్నాడు. రైలుకు టైమవుతోందని బ్యాగు తగిలించుకుని స్టేషన్ వైపు నడిచాడు.

2005 నుంచి ఏడేళ్లు ఆ సెంటర్ నడిపాను. కుర్రాళ్ల భుజాల మీంచి ఎన్ని ఆటల ముగింపులు చూశానో లెక్కలేదు. అలవాటయ్యాక తెర కంటే వాళ్ల మొహాలే ఎక్కువ చూసేవాణ్ని. కొన్ని ఆటలు అయిపోగానే కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలిపోయి, ఆట తయారుచేసినవాళ్ల పేర్లు పైకి పోతుంటే చివరిదాకా చూస్తూ ఉండిపోయేవాడు. కొన్నిటికి పేర్లు మొదలవకుండానే ఎస్కేప్ నొక్కి లేచిపోయేవాడు. మొన్నామధ్య మా అమ్మాయి ఒక ఆట పూర్తి చేసి, కంట్రోలర్ మంచం మీద పడేసి, “ఇంతేనా నాన్నా?” అంది. ఆ మాటతో పాత మొహాలన్నీ కళ్ల ముందుకొచ్చాయి. ఎన్ని గంటలైనా ఇష్టంగా ఆడిన ఆట చివరి పది నిమిషాల్లో మనసు ఎందుకు విరిచేస్తుంది? ఇంకో ఆటలో హీరో చచ్చిపోయినా కడుపు నిండినట్టు ఎందుకుంటుంది?

మనవాళ్లకు ముగింపు మీద మంచి పట్టుంది. పిల్లలకు చెప్పే కథ కంచికి వెళ్తుంది. హరికథకు మంగళం పాడతారు. పాత సినిమాకు ‘శుభం’ పడుతుంది. ఇవన్నీ అయిపోయింది, ఇక లేవండి అని చెప్పేవి. వ్రతకథకు మాత్రం ఇంకొకటి ఉంటుంది, ఫలశ్రుతి. కథలో ఉన్నవాళ్ల సంగతి వదిలేసి, పీట మీద కూర్చుని ఇంతసేపు విన్నవాళ్లకు ఏం దక్కుతుందో అది చెబుతుంది. వీడియో గేమ్ ముగింపు శుభం కార్డు కంటే ఈ ఫలశ్రుతికి దగ్గర చుట్టమని నా నమ్మకం. సినిమా హీరో కష్టపడతాడు, మనం చూస్తాం. ఆటలో కష్టపడేది మన వేళ్లు. ఓడిపోయి మళ్లీ మొదలుపెట్టేదీ, రాత్రి నిద్రలో కూడా ఆ మలుపు ఎలా తిప్పాలా అని ఆలోచించేదీ మనమే. అందుకే ఆఖర్న ఆటకు ఇంకో బాధ్యత ఉంటుంది. కథను ముగించి చేతులు దులుపుకుంటే చాలదు, మన పనికి లెక్క అప్పజెప్పాలి.

ఇది నాకు చెరువు గట్టు మీద తెలిసింది. మా నాన్న కొల్లేరు పక్కన చెరువు లీజుకు తీసుకుని శీలావతి, బొచ్చె పెంచేవాడు. పిల్ల వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా తొమ్మిది పది నెలలు. తవుడూ చెక్కా కలిపి సంచుల్లో కట్టి నీళ్లలోకి దించడం, మబ్బు పట్టిన రాత్రి గాలి చాలక చేప పైకి తేలుతోందేమోనని టార్చి లైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరగడం. పట్టుబడి రోజు తెల్లవారుజామున వల లాగేవాళ్లు దిగేవాళ్లు. వల దగ్గరపడేకొద్దీ బొచ్చెలు ఎగిరెగిరి పడేవి. నేను అటే చూసేవాణ్ని. నాన్న మాత్రం కాటా దగ్గర నిలబడేవాడు. ట్రే పెట్టిన ప్రతిసారీ ముల్లు ఆడటం ఆగేదాకా ఆగి, సిగరెట్ పెట్టె అట్ట మీద పెన్సిలుతో గీత పెట్టేవాడు. అయిదు గీతలకు ఒక కట్ట.

ఒక ఏడు తెగులు తగిలి సగం చేప పోయింది. నష్టం. నాన్న ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాడు. ఇంకో ఏడు ధర బాగుంది, లాభమే వచ్చింది. కానీ కాటాలో మోసం జరిగిందని తర్వాత తెలిసింది. ఆ ఏడాదంతా ఆయనకు సరిగ్గా నిద్ర లేదు. “చేప పోతే చెరువును ఏమంటాంరా. దొంగ కాటా మాత్రం నా పది నెలల్నీ తీసుకుపోయింది” అనేవాడు.

ఆట ముగింపు మీద జనానికి వచ్చే కోపం ఇదే. హీరో ఓడాడని ఎవరూ అంత బాధపడరు. తూకం తప్పిందని బాధపడతారు.

మోస్ట్ వాంటెడ్ సంగతే చూడండి. 2005లో వచ్చిన ఆ ఆటలో కథ అంటే పెద్దగా ఏమీ లేదు. మొదట్లోనే మన చేతికి వెండి, నీలం రంగుల బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్ ఇస్తారు. కాసేపు నడిపిస్తారు. ఇంజను మోత, మలుపు తిరిగే తీరు వేళ్లకు అలవాటవుతుండగానే రేజర్ మోసంతో దాన్ని కొట్టేస్తాడు. పందెం మధ్యలో ఆయిల్ కారి బండి ఆగిపోతుంది. అక్కడి నుంచి చిన్న బండితో మొదలుపెట్టి బ్లాక్‌లిస్టులో 15 మందిని ఒక్కొక్కరినే ఓడించుకుంటూ పైకి రావాలి. ఈలోగా మన బండిని ఇంకొకడు నడుపుతున్నాడన్న కడుపుమంట ఉండనే ఉంటుంది. ఆఖర్న రేజర్‌ను ఓడిస్తే ఆ బండి తిరిగి మన చేతికొస్తుంది. తయారుచేసినవాళ్ల తెలివంతా ఇక్కడే ఉంది. “బండి దొరికింది, శుభం” అని వీడియో వేసి ఊరుకోలేదు. ఊళ్లో పోలీసులందర్నీ వెంట తరిమించి, అదే బండిని మనచేతే నడిపించి, విరిగిన పాత వంతెన మీంచి దూకించారు. మొదటి గంటలో వేళ్లు నేర్చుకుని పోగొట్టుకున్నదేదో ఆఖరి పది నిమిషాల్లో అవే వేళ్లకు తిరిగొస్తుంది. మూడు నెలల పనికి ముల్లు సరిగ్గా వచ్చి ఆగుతుంది.

ఇప్పుడు ఆ వంతెన దూకుడు యూట్యూబులో ఎవరైనా చూడొచ్చు. నిమిషం కూడా పట్టదు. ఆడనివాళ్లకు అది ఒక కారు గాల్లోకి లేవడం, అంతే. ఒకే వీడియో ఒకడికి ఏమీ కాకుండా, ఇంకొకడికి కళ్లు చెమర్చేలా ఉందంటే తేడా తెరలో లేదు.

భీమడోలు కుర్రాడు నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు వచ్చి, కొత్త ప్రొఫైల్ పెట్టుకుని, పదిహేనోవాడి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఈలోగా నేను బ్యాటరీ మార్చాను. సంక్రాంతి సెలవులకు ముందు వాడు వంతెన దూకాడు. ఆ పూట వెనక ఎవరూ లేరు, నేనొక్కణ్నే. కారు అవతలి ఒడ్డున దిగాక వాడు అరవలేదు. కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పేర్లన్నీ పైకి వెళ్లేదాకా ఆ చేతులు అక్కడే ఉన్నాయి.

అప్పట్లో నా సెంటర్లో అందరూ ఆడింది ‘వైస్ సిటీ’. అయినా దాని ముగింపు చూసినవాళ్లు తక్కువ. నిజానికి అది మంచి ముగింపే. నమ్మినవాడు ద్రోహం చేస్తే టామీ వెర్సెట్టి తన మేడలోనే నిలబడి ఆఖరి పోరు చేస్తాడు. ఆ మేడ ఆట మధ్యలో మనం గెలుచుకున్నదే కాబట్టి దాన్ని కాపాడుకోవాలనిపిస్తుంది. కానీ మా కుర్రాళ్లు ‘ఆస్పిరిన్’ అని టైపు చేస్తే ఒంట్లోకి ప్రాణం, ఇంకోటి టైపు చేస్తే తుపాకులు తెచ్చుకునేవారు. అలా చివరిదాకా వెళ్లినవాళ్లు ఎస్కేప్ నొక్కి లేచిపోయారు. మేత వేయని చెరువుకు కాటా మీద ఆశేముంటుంది?

కథ పరంగా నేను చూసిన ముగింపుల్లో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్’ను మించింది లేదు. 2003లో కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన ఆట. యువరాజు తన కథను తానే చెబుతుంటాడు. ఎవరికి చెబుతున్నాడో మనకు తెలియదు. మంత్రి మాట నమ్మి, కాలాన్ని బంధించిన ఇసుకను విడిచిపెడతాడు. కోటలో అందరూ ఇసుక భూతాలైపోతారు. మంత్రిని పక్కన పెడితే మిగిలింది తనూ, ఫరా అనే భారతదేశపు రాజకుమారీ. మనం గోడ మీంచి జారి చచ్చిపోయామనుకోండి, యువరాజు గొంతు వినిపిస్తుంది: కాదు, కథ అలా జరగలేదు, మళ్లీ చెబుతానుండు అని. ఆట మళ్లీ మొదలవుతుంది. మొదట్లో కుర్రాళ్లు ఇది విని నవ్వుకునేవారు. ఆటలో చావడం అందరికీ మామూలే కదా, దానికో సాకు చెప్పాడనుకునేవారు.

మధ్యలో ఒకచోట ఫరా తన చిన్ననాటి రహస్యం చెబుతుంది. భయమేసినప్పుడు ఒక మాట అంటే మాయతలుపు తెరుచుకుంటుందని వాళ్లమ్మ నేర్పిందట. ఆ మాట ‘కాకోలూకీయం’. మన పంచతంత్రంలో మూడో తంత్రం పేరది, కాకులకూ గుడ్లగూబలకూ జరిగిన యుద్ధం కథ. వట్లూరులో ఆ తెర ముందు ఆ మాట విన్నప్పుడు ఒళ్లు ఝల్లుమంది. చిన్నప్పుడు బళ్లో పుస్తకంలో చదువుకున్న పేరు ఎక్కడెక్కడ తిరిగి ఇక్కడికొచ్చిందో.

చివర్లో ఫరా చచ్చిపోతుంది. యువరాజు కాలాన్ని వెనక్కి తిప్పి, ఏమీ జరగకముందటి రాత్రికి వెళ్తాడు. నేరుగా ఫరా గదికి వెళ్లి జరిగిందంతా చెబుతాడు. ఇన్నాళ్లూ మనం వింటున్న గొంతు అదే, ఆ గదిలో ఆమెకు చెబుతున్న కథే. మనం చచ్చిన ప్రతిసారీ “అలా జరగలేదు” అని దిద్దుకున్నది ఆమె ముందే. ఆమెకు మాత్రం యువరాజు ఎవరో తెలియదు, ఇదంతా కల్పించి చెప్పాడనుకుంటుంది. వెళ్లిపోయే ముందు ఎవరివని అడిగితే, కాకోలూకీయం అను చాలు అంటాడు. ఆమె ఎవరికీ చెప్పని మాట. ఆమె మొహం మారుతుంది. ఆట అయిపోతుంది.

దీని తూకం ఎంత నాజూకైనదో చూడండి. కథలో జరిగిందంతా చెరిగిపోయింది. ఫరాకు గుర్తులేదు, లోకానికి తెలియదు. జరిగిందని తెలిసింది యువరాజుకూ, ఆడినవాడికీ మాత్రమే. ఆ ఒక్క మాటతో ఆట మన వైపు తిరిగి, నీకు తెలుసు కదా అన్నట్టుంటుంది. మంత్రితో ఆఖరి యుద్ధం చప్పగానే ఉంటుంది, అది ఒప్పుకోవాలి. అయినా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఫలశ్రుతి బాగున్నప్పుడు కథలో ఒక అధ్యాయం నీరసంగా ఉన్నా ఎవరూ లేచిపోరు.

ఇక తూకం తప్పినవాటిలో లోకమంతా మాట్లాడుకున్నది ‘మాస్ ఎఫెక్ట్ 3’. 2007, 2010, 2012లలో మూడు ఆటలుగా వచ్చిన పెద్ద కథ. మొదటి ఆటలో మనం ఎవరిని బతికించామో, ఎవరితో తగువు పెట్టుకున్నామో, ఆ సేవ్ ఫైలు రెండో ఆటకూ, అక్కణ్నుంచి మూడో ఆటకూ వెళ్తుంది. నీ నిర్ణయాలకు విలువుంటుంది, అన్నీ గుర్తుపెట్టుకుంటాం అని అయిదేళ్లు చెబుతూ వచ్చారు. చివరకు కమాండర్ షెపర్డ్‌ను ఒక చోట నిలబెట్టి మూడు దారులు చూపించారు. ఏది ఎంచుకున్నా వచ్చే వీడియో దాదాపు ఒకటే. ఒకదానిలో ఎర్ర కాంతి, ఒకదానిలో నీలం, ఒకదానిలో ఆకుపచ్చ.

ఆడినవాళ్లు మండిపడ్డారు. కొందరు కలిసి తమ కోపాన్ని ఒక మంచి పనికి మళ్లించి, ఆసుపత్రుల్లోని పిల్లలకు ఆటవస్తువులిచ్చే సంస్థకు 80 వేల డాలర్లకు పైగా పోగుచేశారు. ఇంకొందరు ఆ ఆట చేసిన బయోవేర్ కంపెనీకి నాలుగు వందల దాకా కప్‌కేకులు పంపారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు. ఏది కొరికినా రుచి ఒకటే. అదే ఏడాది జూన్‌లో కంపెనీ ముగింపును పెంచి, అందరికీ ఉచితంగా ఇచ్చింది. పాత్రలు ఏమయ్యాయో, మన నిర్ణయాల వల్ల ఏ జాతి బాగుపడిందో అందులో చూపించారు. చాలామంది శాంతించారు. కథ పెద్దగా మారలేదు. షెపర్డ్‌కు కొత్తగా సుఖాంతం ఏమీ రాయలేదు. మారిందల్లా లెక్క చదివి వినిపించడం. అట్ట మీద గీతలు ఒక్కొక్కటే చదివినట్టు చదివారు, అంతే. జనం అడిగింది కూడా అదే.

‘ఫాల్‌అవుట్ 3’ది ఇంకో రకం తప్పు. 2008లో వచ్చింది. అణుయుద్ధం తర్వాతి వాషింగ్టన్‌లో నీళ్లన్నీ విషం. వాటిని శుభ్రం చేసే యంత్రం కోసం మన తండ్రి ప్రాణం ఇస్తాడు. చుట్టూ నీళ్లుండీ తాగడానికి బిందెలు మోసుకునే కొల్లేరు లంకల గురించి తెలిసినవాణ్ని, నాకు ఆ కథ వెంటనే ఎక్కింది. చివర్లో ఆ యంత్రం ఆన్ చేయాలంటే రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్లాలి. వెళ్లినవాళ్లు పోతారు. మన పక్కన ఫాక్స్ అనే నేస్తం ఉండొచ్చు. వాడికి రేడియేషన్ ఏమీ చేయదు. అంతకుముందే అలాంటి గదిలోకి మనకోసం వెళ్లి వస్తువు తెచ్చిచ్చాడు కూడా. ఇప్పుడు వెళ్లమంటే, ఇది నీ విధి, నేను కలగజేసుకోను అంటాడు!

వైకుంఠపాళిలో పైవరుస దాకా వచ్చి పెద్దపాము నోట్లో పడితే అడుక్కి జారిపోతాం. ఏడుపొస్తుంది గానీ ఆటను తిట్టం. పాము మొదట్నుంచీ పటం మీదే ఉంది, మన కళ్లముందే. ఫాక్స్ చేత అలా అనిపించడం అంటే పటంలో లేని పామును ఆఖరి గడిలో అప్పటికప్పుడు గీయడం. నియమం ఆటే నేర్పింది, ఆటే తప్పింది. మరుసటి ఏడాది విడిగా అమ్మిన అదనపు భాగంలో ఫాక్స్‌ను పంపే వీలు కల్పించారు. ముందే ఆడేసినవాళ్ల మనసులో మాత్రం ఆ గది అలాగే ఉండిపోయింది.

దుఃఖాంతం వల్ల ఆట చెడుతుందనుకునేవాళ్లు ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ ఆడి చూడాలి. నా సెంటర్ మూసేశాక చాలా ఏళ్లకు, మా అమ్మాయి పక్కన కూర్చుని పూర్తి చేసిన ఆట అది. 1899 అమెరికా. ఆర్థర్ మోర్గన్ దొంగల ముఠాలో మనిషి. ఆట మొదట్లో ఒక పని వస్తుంది, బాకీ వసూలు. దగ్గుతున్న ఒక బక్క రైతును కంచె దగ్గర పట్టుకుని కొట్టాలి. బటన్ నొక్కింది నేనే. ఆట చెప్పింది, నేను కొట్టాను. ఆ రైతు ఆర్థర్ మొహం మీద దగ్గుతాడు. ఆ తర్వాత చేపలు పట్టాను, గుర్రాల్ని మచ్చిక చేసుకున్నాను, రైళ్లు దోచాను. ఆ దగ్గు మరిచేపోయాను. ఎన్నో గంటల తర్వాత ఆర్థర్ వీధిలో కూలిపోతాడు. డాక్టరు టీబీ అంటాడు. ఎక్కడ అంటుకుందో తెలిసినప్పుడు కంట్రోలర్ పట్టుకున్న నా బొటనవేలి వైపు చూసుకున్నాను.

అక్కణ్నుంచి ముగింపు దాకా ఆట అడిగేది ఒక్కటే, మిగిలిన రోజులు ఏం చేస్తావు? ఆర్థర్ ఎలాగూ పోతాడు. మనం మంచిగా నడిపించి ఉంటే కొండ మీద తెల్లవారడం చూస్తూ పోతాడు. లేదంటే శత్రువు చేతిలో పోతాడు. మాకు తెల్లవారింది. మా అమ్మాయి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అయినా “ఇంతేనా” అనలేదు. ఆ తర్వాత ఆట ఆర్థర్ కాపాడిన జాన్ చేతికి వెళ్తుంది. జాన్ ఇల్లు కట్టుకుంటాడు. అక్కడ కూడా వీడియో వేసి ఊరుకోలేదు. దూలాలు ఎత్తించారు, మాచేత మేకులు కొట్టించారు. ఆర్థర్ ఎవరికోసం పోయాడో ఆ మనిషి గోడల్ని మేమే నిలబెట్టాం. అన్యాయంగా కొట్టిన చేతులతోనే మేకులు కొట్టించిన ఆ ఆట తూకం నాకు ఇప్పటికీ అబ్బురం.

మా అమ్మాయి “ఇంతేనా” అన్న ఆట మన దేశానిదే, అందుకే ఎక్కువ బాధేసింది. ‘రాజీ’, పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు చేసింది, 2020లో వచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలు కోసం అక్క రాజీ చేసే పోరాటం. కథ చెప్పే ఘట్టాలను తెర మీద నీడల బొమ్మలతో చూపించారు. మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు కళ్లు చెమర్చేలా ఉంటుంది. రాజస్థానీ కోటలు, దుర్గా, విష్ణువూ మాట్లాడుకోవడం, అన్నీ ఎంతో ప్రేమగా చేశారు. ఆఖరి పోరు అయ్యాక కథ తెగినట్టు ఆగిపోతుంది. తమ్ముడి కోసం ఇంత దూరం పరుగెత్తిన కాళ్లకు జవాబు రాదు.

ఆ ఆట చేసినవాళ్లను నేను తప్పుపట్టలేను. 2017లో కిక్‌స్టార్టర్‌లో జనాన్ని సొమ్మడిగితే వాళ్లనుకున్నంత రాలేదు. అయినా మూడేళ్లు పట్టు వదలకుండా చేశారు. ఏ ఆటలోనైనా తరచూ బలయ్యేది ముగింపే. తయారీలో అది ఆఖర్న వస్తుంది. అప్పటికి డబ్బులు అడుగంటుతాయి, విడుదల తేదీ మెడ మీదుంటుంది. పైగా ఆట కొన్నవాళ్లలో చాలామంది చివరిదాకా రారని తయారుచేసేవాళ్లకూ తెలుసు. దాంతో ఉన్న సొమ్మంతా మొదటి రెండు మూడు గంటల మీద పోస్తారు. పట్టుబడికి నెల ముందే మేత అయిపోయిన చెరువులు మా వైపు ఎన్నో చూశాను. చేప ఉంటుంది, బరువుండదు. చివరిదాకా వచ్చే ఆ కొద్దిమందే కదా ఆటను అందరికంటే ఎక్కువ ప్రేమించినవాళ్లు. వాళ్లకు తక్కువ తూచడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ముగింపే లేని ఆటలూ ఉన్నాయి. 1980 నాటి ‘ప్యాక్‌మ్యాన్’కు తయారుచేసినవాళ్లు చివర పెట్టలేదు. అయితే స్థాయిల లెక్కకు వాళ్లు కేటాయించిన చోటులో 255 వరకే అంకెలు పడతాయి. 256వ స్థాయిలో లెక్క పొంగిపోయి, సగం తెర పిచ్చి అక్షరాలతో నిండిపోతుంది. అదే దాని ముగింపు. ‘టెట్రిస్’కూ అంతే. పాత నింటెండో మెషిన్‌లో ఆ ఆటను ఆగిపోయేదాకా ఆడిన మనిషి మూడు దశాబ్దాలు గడిచినా లేడు. 2023 డిసెంబరు 21న అమెరికాలో విల్లిస్ గిబ్సన్ అనే 13 ఏళ్ల పిల్లాడు 157వ స్థాయిలో దాన్ని బిగుసుకుపోయేలా చేశాడు. పేర్లు రాలేదు, పాట రాలేదు, బొమ్మ కదలడం మానేసింది. ఆ పిల్లాడు కుర్చీలో వెనక్కి వాలిపోయి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ఆ వీడియో చూస్తుంటే నాకు మోకాళ్ల మీద పెట్టుకున్న ఇంకో రెండు చేతులు గుర్తొచ్చాయి.

2012లో సెంటర్ మూసేశాను. అందరిళ్లకూ నెట్ వచ్చింది, చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. కంప్యూటర్లు అమ్మేసే ముందు రోజు రాత్రి ఒక్కొక్క సిస్టమ్ తెరిచి ‘మై డాక్యుమెంట్స్’ చూశాను. ఒక్కో ఆటకు ఒక్కో ఫోల్డరు. అందులో కుర్రాళ్లు పెట్టుకున్న పేర్లు: పుంజు, మెక్ బి, దెందులూరు డాన్, లాస్ట్ బెంచ్. చదువైపోయి వెళ్లిపోయినవాళ్లు, సప్లిమెంటరీలు రాసి వెళ్లిపోయినవాళ్లు. చాలావరకు సగంలో ఆగినవే. డిలీట్ చేయబుద్ధి కాలేదు. అన్నీ సీడీలోకి ఎక్కించాను. ఆ తర్వాత సీడీలోంచి పెన్‌డ్రైవ్‌లోకి మార్చాను.

మొన్న ఆదివారం పాత ల్యాప్‌టాప్‌లో మోస్ట్ వాంటెడ్ పెట్టి, మా అమ్మాయికి చూపిద్దామని ఆ ఫోల్డరు తెచ్చి అందులో వేశాను. తను పేర్లన్నీ చదువుకుంటూ వెళ్లి ‘గూడెం ఎక్స్‌ప్రెస్’ దగ్గర ఆగింది. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చే కుర్రాడు. తెరిచింది. బ్లాక్‌లిస్టులో 13 మందిని ఓడించి ఉన్నాడు. రెండోవాడు బుల్, మొదటివాడు రేజర్, ఇద్దరే మిగిలారు. గ్యారేజీలో వాడి బండి, పసుపు రంగు వేసుకుని, పక్కన నల్లచారలు పెట్టుకుని, నిలబెట్టినచోటే ఉంది.

“ఇద్దరే నాన్నా. నేను పూర్తి చేసేయనా?” అంది.

“వద్దు తల్లీ. సేవ్ చెయ్యకుండా బయటికి వచ్చెయ్” అన్నాను.

తను ఒకసారి నా మొహం చూసి, గ్యారేజీ లైటు కింద ఉన్న ఆ పసుపు బండిని ఇంకాసేపు చూసి, బయటికొచ్చి, కొత్త ప్రొఫైల్ దగ్గర తన పేరు టైపు చేసింది.